ఊపిరి కూడదీసుకున్న నూరేళ్లు

ఊపిరితిత్తుల శస్త్రచికిత్స చరిత్ర ఏ పుస్తకంలో చదివినా కత్తి పట్టినవాళ్ల పేర్లే వరసగా కనిపిస్తాయి. ఎవరు ముందు కోశారు, ఎంత ముక్క తీశారు, ఎవరి రోగి బతికాడు అన్నదే కథంతా. కుట్లు వేసి ఇంటికి పంపాక ఆ మనిషి ఏమయ్యాడు, మెట్లెక్కగలిగాడా, రాత్రిళ్లు ఏ పక్కకు తిరిగి పడుకున్నాడు, దగ్గు వచ్చిన ప్రతిసారీ మనసులో ఏమనుకున్నాడు అన్న సంగతులు వెతికినా దొరకవు. ఛాతీ తెరవడం నేర్చుకోవడానికి వైద్యానికి ముప్పై ఏళ్లు పట్టింది. తెరిచి మూసిన మనిషిని కోలుకోనివ్వడం ఎలాగో నేర్చుకోవడానికి అంతకు రెండింతల కాలం పట్టింది, ఆ చదువు ఇంకా పూర్తి కాలేదు. ఈ రెండో పాఠం చెప్పినవాళ్లలో సర్జన్లు తక్కువ. నర్సులు, వ్యాయామం నేర్పేవాళ్లు, మనోవైద్యులు, మాట వినని రోగులు ఎక్కువ.

మొదట అసలు చిక్కేమిటో చూద్దాం. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్యనున్న సందులో పీడనం బయటి గాలి కన్నా తక్కువగా ఉంటుంది. ఆ లాగుడు వల్లే ఊపిరితిత్తి విచ్చుకుని ఉంటుంది. పక్కటెముకల మధ్య కోత పడి బయటి గాలి చొరబడిందంటే అది ముడుచుకుపోతుంది. అందుకే పొట్ట కోయడం అలవాటైపోయాక కూడా సర్జన్లు ఛాతీ జోలికి వెళ్లలేదు. 1904లో బ్రెస్లావ్‌లో ఫెర్డినాండ్ సావర్‌బ్రుఖ్ అనే యువ సర్జన్ ఒక గది కట్టించాడు. రోగి తల బయట, మొండెమూ సర్జనూ లోపల. లోపలి గాలి పీడనం తగ్గిస్తే ఛాతీ తెరిచినా ఊపిరితిత్తి ముడుచుకోదని లెక్క. తెలివైన ఏర్పాటే, కానీ ఎన్ని ఆసుపత్రులు అలాంటి గది కట్టుకోగలవు? అయిదేళ్లలోనే న్యూయార్క్‌లో మెల్ట్జర్, ఆవర్ అనే ఇద్దరు పరిశోధకులు గాలిగొట్టంలోకి ట్యూబు పెట్టి గాలి ఊదే పద్ధతి చూపించారు. ఇప్పుడు ప్రతి ఆపరేషన్ థియేటర్‌లో వాడేది దాని వారసత్వమే.

1912లో లండన్‌లో హ్యూ మోరిస్టన్ డేవీస్ క్యాన్సర్ ఉన్న ఊపిరితిత్తి భాగాన్ని రక్తనాళాలు విడివిడిగా కట్టి తీసేశాడు. అంత పద్ధతిగా అంతకుముందు ఎవరూ చేయలేదు. రోగి ఎనిమిదో రోజున చనిపోయాడు. కారణం కోత కాదు, కోత తర్వాత లోపల పట్టిన చీము. అప్పటికే, 1875 నాటికే, హాంబర్గ్‌లో గోట్‌హార్డ్ బ్యులావ్ ఛాతీలోంచి గొట్టం వేసి దాని కొసను నీళ్ల సీసాలో ముంచే పద్ధతి కనిపెట్టి ఉన్నాడు. చీమూ గాలీ బయటికి వస్తాయి, బయటి గాలి లోపలికి పోదు. ఈ రోజు ఆపరేషన్ అయిన వ్యక్తి పక్కన, మంచం కింద, బుడగలు వచ్చే డబ్బా ఆ సీసా మనవడే. రోగుల భాషలో అది ‘పైపు’. పైపు తీసిన రోజే ఆపరేషన్ అయిపోయినట్టు లెక్క వాళ్లకు.

మొదటి ప్రపంచ యుద్ధం చివర, ఇన్‌ఫ్లుయెంజా వచ్చిన సైనికుల ఛాతీల్లో చీము చేరి వందల్లో చనిపోతుంటే అమెరికా సైన్యం ఒక సంఘాన్ని వేసింది. అందులో ఎవార్ట్స్ గ్రాహమ్ ఉన్నాడు. తొందరపడి ఛాతీ తెరవడం వల్లే ఎక్కువమంది చనిపోతున్నారని ఆ సంఘం తేల్చింది. ఈ అనుభవంతోనే 1933 ఏప్రిల్ 5న సెయింట్ లూయిస్‌లోని బార్న్స్ ఆసుపత్రిలో గ్రాహమ్ ఒకే సిట్టింగ్‌లో ఒక మనిషి ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసేశాడు. రోగి జేమ్స్ గిల్మోర్, పిట్స్‌బర్గ్‌లో కాన్పులు చేసే డాక్టరు, నలభై ఎనిమిదేళ్లవాడు. ఒక భాగమే తీయాలని మొదలుపెట్టి, క్యాన్సర్ అనుకున్నదానికన్నా లోపలికి పాకిందని చూసి మొత్తం తీయాల్సి వచ్చింది. లోపల మిగిలిన పెద్ద ఖాళీ మూసుకుపోవాలని ఏడు పక్కటెముకలు కూడా తీశాడు.

గిల్మోర్ గురించి వైద్యులు తరచూ చెప్పుకునే కథ ఒకటుంది. ఆపరేషన్‌కు ముందు కొన్ని రోజులు ఇంటికి వెళ్లివస్తానని అడిగి, ఆ కొద్ది రోజుల్లోనే పళ్ల డాక్టరు దగ్గర పళ్లు బాగుచేయించుకున్నాడట, సమాధికి జాగా కూడా కొనుక్కున్నాడట. బతుకుతాననీ బతకననీ రెండూ నమ్మిన మనిషి. ఈ ఒక్క సంగతిలో ఉన్నంత మనోవైద్యం ఆ ఆపరేషన్ మీద వచ్చిన వ్యాసాలన్నిట్లోనూ లేదు. కోలుకోవడం తేలిగ్గా జరగలేదు. చీము పట్టింది, ఛాతీ గోడకు మళ్లీ ఆపరేషన్ చేశారు, ఆసుపత్రిలో రెండు నెలలు దాటి ఉన్నాడు. తర్వాత తన ఊరెళ్లి మళ్లీ కాన్పులు చేశాడు, 1963 దాకా బతికాడు. ఆయన్ను బతికించిన గ్రాహమ్ విపరీతంగా సిగరెట్లు తాగేవాడు. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లో తన విద్యార్థి వైండర్‌తో కలిసి నిరూపించి, ఆ తర్వాత మానేశాడు. అప్పటికే ఆలస్యమైంది. 1957లో అదే జబ్బుతో పోయాడు, తన రోగి కంటే ఆరేళ్లు ముందు.

ఇక్కడినుంచి సర్జన్ల కథ వేగంగా సాగిపోతుంది. మొత్తం తీయనక్కరలేదు, జబ్బున్న భాగం తీస్తే చాలన్నారు. మత్తు మెరుగైంది, పెన్సిలిన్ వచ్చింది. అదంతా దాటేసి, వెనకాల నిశ్శబ్దంగా నడిచిన ఇంకో కథ చెప్పాలి.

1915లో లండన్‌లోని సెయింట్ బార్తలొమ్యూస్ ఆసుపత్రిలో కోర్ట్‌లాండ్ మక్‌మహన్ అనే ఆయన, ఛాతీకి తూటాలు తగిలిన సైనికులకు ఊపిరి వ్యాయామాలు నేర్పాడు. ఆయన డాక్టరు కాదు, నత్తి ఉన్నవాళ్లకు మాట నేర్పే గురువు. ఊపిరిని ఎక్కడ పట్టాలో, ఎంతసేపు వదలాలో ఆ రోజుల్లో సర్జన్ కన్నా ఆయనకే బాగా తెలుసు. మోరిస్టన్ డేవీస్ కూడా, ఒక ఆపరేషన్‌లో ఇన్ఫెక్షన్ సోకి కుడిచెయ్యి పాడైపోయాక, వేల్స్‌లో శానిటోరియం నడుపుతూ ఊపిరి వ్యాయామాల మీద పడ్డాడు. 1934లో లండన్ బ్రాంప్టన్ ఆసుపత్రిలో వినిఫ్రెడ్ లింటన్ వీటికొక పద్ధతి ఏర్పరిచింది. పక్కటెముకల మీద చేయి ఆనించి, ‘ఇక్కడికి గాలి పంపు’ అని రోగికి నేర్పడం, ఆపరేషన్‌కు ముందే నేర్పడం, తర్వాత కఫం పైకి తెప్పించడం. నొప్పికి భయపడి రోగి పైపైనే ఊపిరి తీస్తే అడుగు భాగాలు మూసుకుపోతాయి, కఫం నిలుస్తుంది, న్యుమోనియా వస్తుంది. కుట్టు మీద దిండు అదుముకుని దగ్గమని ఇప్పుడు ప్రతి ఫిజియోథెరపిస్టూ చెప్పే మాట వెనక ఈ మొత్తం చరిత్ర ఉంది. మన ఆసుపత్రుల్లో చేతికిచ్చే మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం చాలా తర్వాత, 1970లలో వచ్చింది. బంతులు పైకి లేస్తే మనవలు చప్పట్లు కొడతారు. వాటికన్నా మంచం దిగి నడిచే నాలుగడుగులకే విలువెక్కువ అని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు.

ఆ నడక కూడా ఆలస్యంగానే వచ్చింది. ఆపరేషన్ అయితే రెండు మూడు వారాలు కదలకుండా పడుకోవాలన్నది పందొమ్మిదో శతాబ్దం నుంచీ వస్తున్న నమ్మకం. 1938లో డెట్రాయిట్‌లో డానియల్ లైట్‌హౌసర్ అనే సర్జన్, అపెండిక్స్ తీయించుకున్న ఒక రోగి చెప్పిన గడువు దాకా ఆగకుండా లేచి తిరగడం, చెడిపోవడానికి బదులు త్వరగా బాగవడం చూసి ఆలోచనలో పడ్డాడు. 1946లో దీనిమీద పుస్తకమే రాశాడు. రెండో యుద్ధంలో మంచాలూ నర్సులూ చాలక రోగుల్ని త్వరగా లేపాల్సి రావడం ఆయన వాదనకు కలిసొచ్చింది. కాళ్లలో రక్తం గడ్డకట్టడం తగ్గింది, న్యుమోనియా తగ్గింది. 1990లలో డెన్మార్క్‌కు చెందిన హెన్రిక్ కెహ్లెట్ ఈ ముక్కలన్నీ కలిపి, ముందు రోజు ఉపవాసం తగ్గించడం, నొప్పిని రకరకాల మందులతో అణచడం, ఆ రోజే లేపడం, త్వరగా తినిపించడం అనే ఒక క్రమంగా మార్చాడు. ఊపిరితిత్తుల ఆపరేషన్లకు ఇలాంటి మార్గదర్శకాలు యూరప్‌లో 2019 నాటికి గానీ అచ్చులోకి రాలేదు.

మన ఇళ్లలో సంగతి చూడండి. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషి మంచం దిగితే నలుగురూ పట్టుకుని మళ్లీ పడుకోబెడతారు. పప్పు తింటే చీము పడుతుందని పప్పు ఆపేస్తారు, పెరుగు జలుబు చేస్తుందని ఆపేస్తారు, కోడిగుడ్డు వేడి అంటారు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులన్నీ పత్యం పేరుతో పళ్లెంలోంచి మాయమవుతాయి. ఇదంతా ప్రేమతోనే చేస్తారు. అయినా ఇది తప్పే.

ఇక నొప్పి. పక్కటెముక అంచు కిందుగా ఒక నరం పోతుంది. ఎముకల్ని ఎడం చేసే ఇనుప పట్టీ దాన్ని నలుపుతుంది. గాయం మానాక కూడా నెలలు, ఒక్కోసారి ఏళ్లు, కుట్టు గీత పొడుగునా మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండటం, చొక్కా తగిలినా జాకెట్టు బిగిసినా ఓర్వలేకపోవడం ఉంటాయి. రెండో యుద్ధంలో ఛాతీ గాయాలకు ఆపరేషన్లు చేసిన సైనిక వైద్యులు దీన్ని గుర్తించి రాశారు. అయినా చాలాకాలం దీన్ని రోగి గోల కిందే కొట్టిపారేశారు. ఛాతీ పెద్దగా తెరిచి చేసిన ఆపరేషన్లలో పాతిక నుంచి అరవై శాతం మందికి ఎంతో కొంత నొప్పి మిగులుతుందని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. ఆపరేషన్ అయిన పక్క చెయ్యి పైకి లేవకపోవడం ఇంకొక బాధ. జడ వేసుకోలేని ఆడవాళ్లు, అటక మీది డబ్బా అందుకోలేని మగవాళ్లు దాన్ని డాక్టరుకు చెప్పనే చెప్పరు.

నొప్పిని తగ్గించిన పెద్ద మలుపు 1990ల మొదట్లో వచ్చింది. చిన్న కంతల్లోంచి కెమెరా, పనిముట్లు పంపి ఊపిరితిత్తి భాగాన్ని తీయడం అప్పుడు మొదలైంది. 2010లో స్పెయిన్‌లోని లా కొరునాలో దియేగో గొంజాలెజ్ రివాస్ ఒక్క కంతతోనే ఆ పని చేసి చూపించాడు. పాతతరం సర్జన్లు ఈ కంతల పద్ధతిని సర్కస్ అన్నారు. 2016లో డెన్మార్క్ నుంచి, 2022లో బ్రిటన్ నుంచి వచ్చిన పరీక్షలు సర్కస్ కాదని తేల్చాయి. నొప్పి తక్కువ, అయిదు వారాలకు రోజువారీ పనులు చేసుకునే శక్తి ఎక్కువ. అదే 2022లో జపాన్ వాళ్లు రెండు సెంటీమీటర్లలోపు గడ్డలకు ఇంకా చిన్న ముక్క తీసినా బతుకు కాలం తగ్గదని చూపించారు. చిన్న ముక్క తీస్తే ఊపిరి బలం చాలా మిగులుతుందని అనుకున్నారు గానీ, ఆ లాభం అనుకున్నంత రాలేదు. ముక్క పరిమాణం ఒక్కటే ఊపిరిని నిర్ణయించదు.

ఎందుకంటే మిగిలిన ఊపిరితిత్తి ఊరికే ఉండదు. ఒక భాగం తీస్తే పక్క భాగాలు విచ్చుకుంటాయి, ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న కండర పొర పైకి జరుగుతుంది. ఒక ఊపిరితిత్తి మొత్తం తీస్తే ఆ ఖాళీ వారాలు నెలల్లో ద్రవంతో నిండుతుంది, గుండె కాస్త అటు జరుగుతుంది. 2012లో న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో ఒక మహిళ కేసు వచ్చింది. ముప్పై మూడేళ్లకు క్యాన్సర్ వల్ల కుడి ఊపిరితిత్తి మొత్తం తీశారు. పదిహేనేళ్ల తర్వాత చూస్తే మిగిలిన దాంట్లో కొత్త గాలి గదులు పుట్టినట్టు ఆధారాలు కనిపించాయి. పెద్దవాళ్లలో ఊపిరితిత్తి మళ్లీ పెరగదన్న పాత నమ్మకం అక్కడ కదిలింది. ఆ ఒక్క కేసు చూసి అందరికీ అలాగే అవుతుందని చెప్పలేం. అందరూ చేయగలిగినది ఒకటుంది: సిగరెట్టు మానడం. తొలి దశలో జబ్బు తెలిశాక కూడా తాగుతూ ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువని 2010లో బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ చెప్పింది. ఎలాగూ వచ్చింది కదా, ఇక మానేసి ఏం లాభం అనే మాటకు అదే జవాబు.

శరీరం సంగతి ఇలా నెమ్మదిగానైనా ముందుకు నడిచింది. మనసు సంగతి మొదలవడానికి ముందు ఒక అబద్ధం కూలాల్సి వచ్చింది.

1951 సెప్టెంబర్ 23న బకింగ్‌హామ్ రాజభవనంలోనే ఒక గదిని థియేటర్‌గా మార్చి, క్లెమెంట్ ప్రైస్ థామస్ బ్రిటన్ రాజు ఆరో జార్జి ఎడమ ఊపిరితిత్తి తీసేశాడు. ప్రజలకు ఇచ్చిన ప్రకటనలో ఊపిరితిత్తి నిర్మాణంలో మార్పులు అని రాశారు. క్యాన్సర్ అన్న మాట లేదు. రాజుకు కూడా ఆ మాట చెప్పలేదని చరిత్రకారులు రాస్తారు. డిసెంబర్ 2న ఆయన కోలుకున్నందుకు దేశమంతా కృతజ్ఞతా ప్రార్థనలు చేసింది, ఏ జబ్బు నుంచో తెలియకుండానే. ఆ క్రిస్మస్ ప్రసంగాన్ని ఊపిరి చాలక ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికారు. ఫిబ్రవరి 6న నిద్రలో పోయాడు, గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడి. అంత పెద్ద వైద్యుల బృందం చుట్టూ ఉన్నా, తన శరీరంలో ఏం జరుగుతోందో తెలిసి మాట్లాడుకునే అదృష్టం ఆ రాజుకు దక్కలేదు.

అది రాజభవనం మర్యాద మాత్రమే కాదు, ఆనాటి వైద్య మర్యాదే అంత. 1961లో అమెరికా వైద్య సంఘం పత్రికలో డోనాల్డ్ ఓకెన్ ప్రచురించిన సర్వేలో తొంభై శాతం డాక్టర్లు క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో అదే ప్రశ్న మళ్లీ అడిగితే తొంభై ఏడు శాతం చెబుతామన్నారు. పద్దెనిమిదేళ్లలో ఇంతగా తలకిందులైన అభిప్రాయం వైద్యంలో అరుదు. మధ్యలో చాలా జరిగింది. ఒకటి మాత్రం జనానికి గుర్తుండిపోయింది. 1964 సెప్టెంబర్‌లో హాలీవుడ్ నటుడు జాన్ వెయిన్ ఎడమ ఊపిరితిత్తికి ఆపరేషన్ జరిగింది. చుట్టూ ఉన్నవాళ్లు దాచమన్నారు. డిసెంబర్‌లో ఆయనే పత్రికలవాళ్లను పిలిచి క్యాన్సర్ అని చెప్పేశాడు. జనవరిలో మెక్సికోలో ఎత్తైన కొండప్రాంతంలో, మధ్యమధ్య ఆక్సిజన్ పెట్టుకుంటూ గుర్రమెక్కి షూటింగ్ చేశాడు. దాచకపోవడం మెచ్చదగ్గది. నాలుగు నెలల్లో గుర్రమెక్కడం మాత్రం అనుకరించదగ్గది కాదు. క్యాన్సర్‌ను ‘ఓడించిన వీరుడు’ అన్న బరువు అప్పటినుంచే రోగుల నెత్తిన పడిందని నా అనుమానం. నీరసంగా ఉంటే ఓడిపోయినట్టు, ఏడిస్తే చేతకానట్టు.

ఆ బరువు దించే పని వైద్యంగా మారింది 1977లో. న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో మనోవైద్యురాలు జిమ్మీ హాలండ్ పూర్తికాలపు విభాగం మొదలుపెట్టింది. ఎంత నొప్పిగా ఉందని సున్నా నుంచి పది దాకా అడుగుతున్నట్టే, మనసు ఎంత బరువుగా ఉందని కూడా అడగవచ్చని ఆమె బృందం చూపింది. మనోవైద్యం అంటే బెదిరేవాళ్లు కూడా ఒక అంకె చెప్పడానికి బెదరరు. ఆపరేషన్ తర్వాత దిగులు ఎప్పుడు కమ్ముకుంటుందో కూడా అప్పుడే బాగా తెలిసింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ కాదు, ఇంటికొచ్చి, పరామర్శలు ఆగిపోయి, ఇంక బాగైపోయావు కదా అని అందరూ అనడం మొదలుపెట్టాక. ఊపిరి ఆడకపోతే భయం వేస్తుంది, భయం వేస్తే ఊపిరి వేగం పెరిగి ఇంకా ఆడదు. ఈ సుడిలోంచి బయటపడటానికి పెదవులు సన్నగా చేసి నెమ్మదిగా గాలి వదలడం మందుతో సమానం. ఆరు నెలలకోసారి సీటీ స్కాన్ తేదీ దగ్గరపడుతుంటే నిద్ర పట్టకపోవడం ఏళ్ల తరబడి ఉంటుంది.

ఈ క్యాన్సర్‌కు ఇంకొక గాయం అదనం. 2004లో బ్రిటన్‌లో చాపుల్, జీబ్లండ్, మక్‌ఫర్సన్ ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులతో మాట్లాడి రాసిన వ్యాసం, పొగ తాగినా తాగకపోయినా వాళ్లందరూ నింద మోస్తున్నారని బయటపెట్టింది. కొందరు జబ్బును సొంతవాళ్ల దగ్గరే దాచారు. మన దగ్గర ఇది మరీ అన్యాయం, ఎందుకంటే పొగ ముట్టని ఆడవాళ్లకు కూడా ఈ జబ్బు వస్తోంది.

తెలుగు నేలకు ఛాతీ జబ్బుల చరిత్ర కొత్తేమీ కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915 నుంచి డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్-మోలర్ నడిపిన క్షయ శానిటోరియం దేశమంతటికీ పేరున్నది. చిత్తూరు జిల్లాకు పొరుగునే వెల్లూరులో 1949లో రీవ్ బెట్స్ ఛాతీ శస్త్రచికిత్స విభాగం మొదలుపెట్టాడు. హైదరాబాద్‌లో ఇప్పుడు మెహదీ నవాజ్ జంగ్ పేరిట ఉన్న క్యాన్సర్ ఆసుపత్రి 1955లో వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక డబ్బులేనివాళ్లు కూడా పెద్ద ఆపరేషన్ గది గడప తొక్కగలిగారు. అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఆపరేషన్ దాకా వచ్చేవాళ్లు మన దగ్గర కొద్దిమందే. దగ్గు, రక్తం కనిపిస్తే ముందు క్షయ అనుకుని నెలల తరబడి ఆ మందులే వాడటం దానికొక కారణం. ఆ కొద్దిమంది కోలుకోవడంలో కూడా క్షయ కాలపు అలవాట్లే నడుస్తున్నాయి. ‘నాన్నకు చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు’ అనే కొడుకులు ఇప్పటికీ ప్రతి ఆసుపత్రి వరండాలోనూ ఉన్నారు. తండ్రికి అంతా తెలిసే ఉంటుంది, ఆయన పిల్లల ముందు నటిస్తుంటాడు. ఓకెన్ సర్వే నాటి అమెరికాలో డాక్టర్లు దాచారు, మన దగ్గర కుటుంబం దాస్తోంది. ఇది దయ కాదని నా గట్టి అభిప్రాయం. జబ్బు పేరు తెలియని మనిషి తన నొప్పిని సరిగ్గా చెప్పలేడు, వ్యాయామం ఎందుకో అర్థం చేసుకోలేడు, ఏడవడానికి కూడా తోడుండదు.

అందుకే ఈ ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న ఇల్లు ఏదైనా ఉంటే కొన్ని మాటలు. సర్జన్‌ను కలిసే రోజునే ఫిజియోథెరపిస్టును కూడా చూపించమని అడగండి, ఊపిరి వ్యాయామాలు కోతకు ముందే నేర్పించండి. పొగ అలవాటుంటే ఆ రోజే మానిపించండి. డిశ్చార్జి కాగితంలో మందులతో పాటు నొప్పి మూడు నెలలు దాటితే ఎవరికి చూపించాలో రాయించుకోండి. పళ్లెంలో పప్పూ గుడ్డూ పెట్టండి, పొద్దునా సాయంత్రం మీరూ పక్కన నడవండి. మనసు బరువు పదికి ఎంతో వారానికోసారి అడగండి, అంకె పెరుగుతుంటే మనోవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. పరామర్శకు వెళ్లేవాళ్లు మాత్రం ‘సిగరెట్లు తాగేవారా?’ అని అడగకండి.